ఆరోగ్యశ్రీ ఆగినా డయాలసిస్ ఆపకూడదు

ప్రశ్న: మావారికి 52 ఏళ్లు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. బకాయిలు రాలేదని, వచ్చే వారం నుంచి కార్డు మీద చేయబోమంటున్నారు. డబ్బు కట్టుకోలేం. వారానికి ఒక్కసారి చేయిస్తే సరిపోదా?
– ఓ పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: సరిపోదమ్మా. ఒక్క సెషన్ తప్పినా పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. ఈ వారమే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను (ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఉద్యోగి) కలవండి. 104కు కూడా ఫోన్ చేసి, దగ్గర్లోని ప్రభుత్వ డయాలసిస్ సెంటర్‌కు మార్చమని అడగండి. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ తాజా రిపోర్టులు తప్పకుండా తీసుకెళ్లండి. ఇన్ఫెక్షన్ ఉన్నవారికి మెషిన్ వేరుగా పెట్టాలి కాబట్టి అవి చూడకుండా కొత్త సెంటర్‌లో మొదలుపెట్టరు. చాలామందికి ఆలస్యమయ్యేది ఇక్కడే. డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండే బరువు), హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) డోసు రాసి ఉన్న చివరి డయాలసిస్ షీటు కాపీ కూడా అడిగి తీసుకోండి.

ఆసుపత్రులకు ప్రభుత్వం ఇవ్వాల్సిన ఈ బకాయిలు ఎందుకు పేరుకుంటాయంటే, గుండె ఆపరేషన్‌కు ఖర్చు చాలావరకు ఒక్కసారితో పోతుంది. డయాలసిస్ అలా కాదు, ఒక్కో మనిషికి ఏడాదికి 156 సెషన్లు, ఏళ్ల తరబడి. పాతవారికి ఏటా కొత్తవారు తోడవుతారు. 2023 డిసెంబరులో తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. మంచిదే, కానీ పరిమితి పెంచినంత మాత్రాన ఖజానాలో సొమ్ము పెరగదు. ప్రభుత్వాలు ఆరోగ్యంపై చేసే ఖర్చును 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి చేర్చాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2021-22లో అది 1.84 శాతమే. నా దృష్టిలో డయాలసిస్ సొమ్మును బడ్జెట్‌లో జీతాల్లా ముందే పక్కన పెట్టాలి. వాయిదా వేయదగ్గ ఖర్చు కాదిది.

సెషన్ ఆలస్యమైతే నీళ్లు, టీ, మజ్జిగ, చారు అన్నీ కలిపి, రోజుకు వచ్చే మూత్రానికి అర లీటరు కలిపితే ఎంతవుతుందో, రోజు మొత్తం మీద అంతకు మించి ఇవ్వకండి. 55 కిలోల మనిషి రెండు సెషన్ల మధ్య 2 కిలోలకు మించి బరువు పెరగకూడదు. కొబ్బరినీళ్లు, అరటిపండు, పండ్లరసాలు వద్దు. కూరగాయలు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయండి. సోడియం తక్కువని అమ్మే ఉప్పు అస్సలు కొనొద్దు, అందులో పొటాషియం ఉంటుంది.

పడుకుంటే ఆయాసం, కాళ్లలో సత్తువ లేకపోవడం, గుండె దడ... వీటిలో ఏది వచ్చినా రాత్రయినా సరే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. డయాలసిస్ పేషెంట్ అని, చివరి సెషన్ ఎప్పుడైందో ముందే చెప్పండి. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చేందుకు ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి సెలైన్ గానీ బీపీ పట్టీ గానీ పెట్టనివ్వకండి.