పెగసస్ వంతెనను ఇసుకలో కట్టబోయే అమ్మాయికి

చిరంజీవి సుధకు,

పెదనాన్న ఆశీస్సులు. ఎన్‌సీసీ క్యాంపులో శాండ్ మోడల్ (ఇసుకతో కట్టే నేల నమూనా) మీద ఒక యుద్ధ ఘట్టం వివరించాలట, నువ్వు పెగసస్ వంతెన తీసుకున్నావట, మీ నాన్న చెప్పాడు. మంచిదే తీసుకున్నావు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్‌లో, ఫ్రాన్స్‌లోని నార్మండీలో బ్రిటిష్ సైనికులు జర్మన్ల నుంచి అర్ధరాత్రి పట్టుకున్న వంతెన అది. ఆరు గ్లైడర్లు (ఇంజిన్ లేని విమానాలు), 181 మంది, రెండు వంతెనలు. పావుగంటలో చెప్పడానికి సరిగ్గా సరిపోతుంది. కాకపోతే చాలామంది దీన్ని సాహసగాథలా చెప్పేసి కూర్చుంటారు. ఇందులో చూపించాల్సినవి దూరాలూ నిమిషాలూ. ముందు కొలతలు సరిగ్గా పెట్టుకో, మాటలు తర్వాత.

స్కేలు 1:1000 పెట్టుకో. అంటే నేల మీద కిలోమీటరు నీ మోడల్‌లో ఒక మీటరు. తూర్పు పడమరలు 2 మీటర్లు, ఉత్తర దక్షిణాలు మీటరున్నర చాలు. అది నదీ తీరపు చదును నేల. కొండలు, గుట్టలు పెట్టి ఇసుక వృథా చెయ్యకు. టార్పాలిన్ పరిచి, చుట్టూ ఇటుకలు పేర్చి, 4 సెంటీమీటర్ల మందం పోస్తే నాలుగు సిమెంటు సంచుల ఇసుక పడుతుంది. అంచుల నుంచి మొదలుపెడితే మధ్యకు చెయ్యి అందదు, కట్టిందంతా మోకాళ్లతో తొక్కేస్తావు. కాబట్టి నడుమ నుంచి అంచులకు రా.

ఇసుకను నీళ్లు చల్లి కలుపు. గుప్పెట్లో పిసికితే ముద్ద నిలవాలి, నీరు కారకూడదు. పొడి ఇసుకలో కాలువ గట్లు జారిపోతాయి. మరీ తడిగా ఉంటే పైన చల్లిన ముగ్గు రంగులు గంటలో పాకి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అందుకని ఆకారం కట్టి, పైపొర ఆరనిచ్చి, అప్పుడు టీ వడపోసే జల్లెడతో రంగు చల్లు. కాలువలో నిజం నీళ్లు పోద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకు, పది నిమిషాల్లో ఇసుక తాగేస్తుంది. నీలం పాలిథిన్ పట్టీ పరిస్తే సరి.

ఇక నేల. రోడ్డు పడమట బెనూవిల్ ఊరి దగ్గర మూడు దారులు కలిసే చోటు నుంచి బయల్దేరి కాన్ కాలువ దాటి, ఆపైన ఓర్న్ నది దాటి, తూర్పున రాన్‌విల్ వైపు పోతుంది. రెండు వంతెనల మధ్య దూరం దాదాపు 450 మీటర్లు, నీకు 45 సెంటీమీటర్లు. కాలువ మనుషులు తవ్వింది కాబట్టి స్కేలు పెట్టి గీసినట్టు ఉండాలి. నది చేత్తో గీసినట్టు వంకర పోవాలి. కాలువ వంతెన పైకి లేచే రకం, నది వంతెన పక్కకు తిరిగే రకం. రోడ్డును సరిగ్గా నడిమధ్యలో వేయకు. పైఅంచుకు 85, కింది అంచుకు 65 సెంటీమీటర్లు వదులు. లేదంటే ఉత్తరాన దూరంగా దిగిన గ్లైడర్ ఇటుకల మీదికి పోతుంది. సముద్రం నీ చట్రంలోకి రాదు. పైఅంచున బాణం గుర్తు పెట్టి ‘సముద్రం’ అని రాసి వదిలెయ్.

గ్లైడర్లను అట్టతో కత్తిరించు. వాళ్లు వాడిన గ్లైడర్ రకం హోర్సా. దాని రెక్కల వెడల్పు 27 మీటర్లు, పొడవు 20. అంటే నీ అట్టముక్క 2.7 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల పొడవు. మొదటి గ్లైడర్ కాలువ వంతెనకు 43 మీటర్ల దూరంలో ఆగింది. వంతెన తూర్పు చివరకు ఆగ్నేయంగా 4.3 సెంటీమీటర్ల దగ్గర ఆ అట్టముక్క పెట్టి, పక్కనే ఇంకో రెండు అట్టముక్కలు రెక్కలు ఆనించి పెట్టి చూపించు. వంతెనకూ గ్లైడర్‌కూ మధ్య రెండు గ్లైడర్ల రెక్కల వెడల్పు కూడా లేదని చూసేవాళ్లకు నువ్వు చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. నా మాట విను, మోడల్ మొత్తంలో మార్కులు తెచ్చేది ఈ ఒక్క చోటే.

దిశల్లో తప్పు పోవద్దు. కాలువ వంతెన మీదికి వచ్చిన మూడూ దక్షిణం నుంచి ఉత్తరానికి వచ్చి రోడ్డుకు దక్షిణాన, కాలువకూ చెరువుకూ నడుమ ఉన్న ఇరుకు పొలంలో దిగాయి. నది వంతెన కోసం వచ్చినవి ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చి రోడ్డుకు ఉత్తరాన దిగాయి. రెండు రంగుల ఊలు దారాలు చీపురు పుల్లలకు కట్టి ఆ దారులు చూపించు. నది వైపు వాటిలో ఒకటి దాదాపు 300 మీటర్ల దూరంలో, ఇంకొకటి 700 మీటర్ల దూరంలో ఆగాయి. మూడోది దారి తప్పి డీవ్ నది మీద వరావిల్ వంతెన దగ్గర దిగింది. నీ స్కేలులో అది పది పన్నెండు మీటర్ల అవతల, అంటే గది గోడకు అతికించాలి. నిజంగానే అతికించు, ఒక్క నవ్వుతో విషయం బుర్రకెక్కుతుంది.

చెప్పేటప్పుడు ‘ఎందుకు’తో మొదలుపెట్టు. బ్రిటిష్ 6వ ఎయిర్‌బోర్న్ డివిజన్ (ఆకాశం నుంచి దిగే సేన) ఓర్న్‌కు తూర్పున దిగుతోంది. వంతెనలు పోతే ఆ డివిజన్ ఒంటరైపోతుంది. వంతెనలు జర్మన్ల చేతుల్లో ఉంటే వాళ్ల ట్యాంకులు బ్రిటిష్ సేన సముద్రం నుంచి దిగబోయే స్వోర్డ్ బీచ్ మీద పక్కనుంచి పడతాయి. కాబట్టి కూల్చకుండా పట్టుకోవాలి, పట్టుకున్నాక నిలబెట్టుకోవాలి. ఈ రెండో సగాన్నే అందరూ మింగేస్తారు.

పారాచూట్లు కాకుండా గ్లైడర్లు ఎందుకని తప్పకుండా అడుగుతారు. పారాచూట్ దళం చెల్లాచెదురుగా దిగుతుంది, చీకట్లో పోగవడానికే గంటలు పడుతుంది. గ్లైడర్ అయితే పైలట్లతో కలిపి 30 మందిని, ఆయుధాలతో సహా, చప్పుడు లేకుండా ఒకే చోట దింపుతుంది. దానికి ఇంజిన్ ఉండదు కాబట్టి గురి తప్పితే మళ్లీ పైకి లేచి చుట్టి వచ్చే వీలు లేదు. ఈ లోపం కూడా నువ్వే చెప్పెయ్, వాళ్లు అడిగేదాకా ఆగకు.

కాలక్రమం అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకో. 1944 జూన్ 5 రాత్రి 10:56కు ఇంగ్లండ్‌లోని టారంట్ రష్టన్ స్థావరం నుంచి హాలిఫాక్స్ విమానాలు గ్లైడర్లను లాక్కుంటూ లేచాయి. 12:07 ప్రాంతంలో తీరం దగ్గర వదిలాయి. అక్కడి నుంచి పైలట్ల చేతిలో ఉన్నవి స్టాప్‌వాచ్, దిక్సూచి, మబ్బుల మధ్య కాస్త వెన్నెల. 12:16కు జిమ్ వాల్‌వర్క్ నడిపిన మొదటి గ్లైడర్ నేలను తాకింది, ఒక్కో నిమిషం తేడాతో మిగతా రెండూ. మూడోది చెరువు అంచున పడి ఒక సైనికుడు మునిగి చనిపోయాడు. ఈ దాడి నాయకుడు మేజర్ జాన్ హోవర్డ్ మనుషులు పది నిమిషాల్లో రెండు వంతెనలూ పట్టుకున్నారు. కాలువ వంతెన దొరికితే ‘హ్యామ్’, నది వంతెన దొరికితే ‘జామ్’ అన్నది వైర్‌లెస్ సంకేతం. వంతెన దాటుతూ మొదటి ప్లటూన్ నాయకుడు లెఫ్టినెంట్ డెన్ బ్రదరిడ్జ్ తూటాలకు కూలాడు. ఆయన పేరు చెప్పి ఒక్క క్షణం ఆగు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇక్కడ అదృష్టం ఎంత, తయారీ ఎంత అన్నది విడదీసి చెప్పు. జర్మన్లు వంతెన పేల్చడానికి ఏర్పాట్లు చేసుకున్నా పేలుడు పదార్థం అమర్చలేదు. ఇంజినీర్లు వంతెన కింద వెతికితే ఏమీ దొరకలేదు. అది అదృష్టం. నది వంతెనకు వెళ్లాల్సిన మూడు ప్లటూన్లలో ముందు చేరింది ఒక్కటే అయినా పని ఆగలేదు. ఏ ప్లటూన్ ముందు దిగితే అదే మొదటి పని చెయ్యాలని, అందరి పనీ అందరికీ వచ్చేదాకా ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ దగ్గరి నిజం వంతెనల మీద సాధన చేయించారు. అది తయారీ. ఈ తేడా చెప్పకపోతే నీ వివరణకు పస లేదు.

పట్టుకున్నాక కథ నెమ్మదిస్తుంది, కంగారు పడకు. దిగేటప్పటి కుదుపుకు ట్యాంకుల మీద వాడే పియాట్‌లు చాలావరకు పాడయ్యాయి. రాత్రి ఒంటిగంట దాటాక బెనూవిల్ కూడలి వైపు నుంచి జర్మన్ వాహనాలు వచ్చాయి. సార్జెంట్ థార్న్‌టన్ పియాట్‌తో ముందున్నదాన్ని పేల్చాడు. అది ట్యాంకని కొందరు, హాఫ్‌ట్రాక్ (ముందు చక్రాలు, వెనక ట్యాంకు పట్టాలు ఉండే బండి) అని కొందరు రాశారు. నువ్వు ‘సాయుధ వాహనం’ అను, తగువు ఉండదు. పియాట్‌తో గురి కుదిరేది 45 మీటర్ల లోపే. నాలుగున్నర సెంటీమీటర్ల పుల్ల ఒకటి కూడలి దగ్గర పెట్టు, ఎంత దగ్గరకు రానిచ్చి కొట్టాడో అర్థమవుతుంది. తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో 7వ పారాచూట్ బెటాలియన్ వచ్చి కలిసింది, సగం మంది కూడా పోగవకుండానే. లార్డ్ లోవట్ నడిపిన బ్రిటిష్ కమాండోలు బీచ్ నుంచి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. నీ పావుగంటలో దీనికి కనీసం ఐదు నిమిషాలు ఉంచు.

ఇంకో హెచ్చరిక. ఆ రాత్రికి పెగసస్ అనే పేరు లేదు, అది బెనూవిల్ వంతెనే. డివిజన్ భుజం మీది రెక్కల గుర్రం చిహ్నం నుంచి తర్వాత వచ్చిన పేరది.

మన సైన్యం చేసినదాంతో పోల్చమంటారు, ఖాయం. బంగ్లాదేశ్ యుద్ధంలో, 1971 డిసెంబర్ 11న టాంగైల్ దగ్గర 2 పారా బెటాలియన్ దిగి, లోహజంగ్ నది మీది పూంగ్లీ వంతెన పట్టుకుంది. అక్కడ దిగింది కంపెనీ కాదు, అంతకు పెద్దదైన బెటాలియన్. అర్ధరాత్రి కాదు, సాయంత్రం. గ్లైడర్లు లేవు, పారాచూట్లే. మైమెన్‌సింగ్ వైపు నుంచి ఢాకాకు వెనక్కి వస్తున్న పాకిస్థాన్ 93వ బ్రిగేడ్‌కు దారి మూయడం లక్ష్యం. నార్మండీలో బ్రిటిష్ వాళ్లకైతే తమవాళ్లకు దారి తెరిచి ఉంచడం కూడా లక్ష్యమే. రెండు మూడు వాక్యాల్లో చెప్పి ఆపెయ్, మోడల్ పూంగ్లీది కాదు కదా.

ముందు రోజు రాత్రి కట్టు, పొద్దున్నే కాదు. పైపొర ఆరడానికి టైము కావాలి. కట్టాక నిచ్చెన ఎక్కి నిట్టనిలువుగా పైనుంచి ఒక ఫొటో తీసి పంపు, స్కేలు పక్కన పెట్టి. కొలతలు నేను సరిచూస్తాను.

ఇట్లు,
పెదనాన్న