అన్‌లిమిటెడ్ ప్లానే కదా, నెలాఖరుకి నెట్ ఎందుకు పాకుతోంది?

ఇంటి ఇంటర్నెట్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల టీచర్ని. ఇంట్లో నేనూ, మా ఆవిడా ఉంటాం. 100 ఎంబీపీఎస్ ఫైబర్ అన్‌లిమిటెడ్ ప్లాన్, ఒకటో తేదీన డబ్బు కడతాం. ఇరవై రెండో తేదీ వచ్చేసరికి నెట్ పాకుతుంది. వీడియో కాల్‌లో మనవరాలి ముఖం కూడా సరిగ్గా కనపడదు. ఫోన్ చేస్తే ‘3,300 జీబీ అయిపోయింది సార్’ అంటారు. ఇద్దరు ముసలివాళ్లం అంత వాడతామా? శని, ఆదివారాల్లో మా అమ్మాయి కొడుకు వచ్చి ఫోన్‌లో గేములు ఆడతాడు. వాడి మీద కేకలేసి వైఫై పాస్‌వర్డ్ మార్చేశాను. అయినా తేడా లేదు. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి మా క్షేమం కోసం నాలుగు కెమెరాలు పెట్టించాడు. టీవీలో యూట్యూబ్ పొద్దున సుప్రభాతంతో మొదలై రాత్రి దాకా నడుస్తుంది. కంపెనీ లెక్క నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, ముందు ఆ పిల్లాడికి కొత్త పాస్‌వర్డ్ చెప్పేయండి. ఫోన్‌లో ఆట ఆడుతున్నంతసేపూ గంటకు వంద ఎంబీ అటూ ఇటూగా ఖర్చవుతుందంతే. వాడు రెండు రోజులూ తిండి మానేసి ఆడినా నాలుగైదు జీబీ దాటదు. మీ 3,300లో అది లెక్కలోకే రాదు. నాకొచ్చే ఉత్తరాల్లో సగానికి సగం ఇదే వరస. నెట్ నెమ్మదిస్తే ఇంట్లో చిన్నవాళ్లకి తిట్లు పడతాయి. అసలు డేటా తినేది ఎక్కడో గోడ మీద చప్పుడు లేకుండా ఉంటుంది.

‘అన్‌లిమిటెడ్’ అంటే నెట్ ఆగదని అర్థం. స్పీడు తగ్గదని కాదు. జియో, ఎయిర్‌టెల్ లాంటి పెద్ద కంపెనీల ఇంటి ఫైబర్ ప్లాన్లలో సాధారణంగా కనిపించే హద్దు నెలకు 3,300 జీబీ. దీన్నే ఎఫ్‌యూపీ అంటారు. అది దాటితే మళ్లీ రెన్యువల్ అయ్యేదాకా స్పీడు కోసేస్తారు. అంత పెద్ద అంకె ఎవరికి దాటుతుందిలే అనిపిస్తుంది. కానీ 100 ఎంబీపీఎస్ లైను పూర్తి స్పీడుతో ఒక రోజంతా నడిస్తే 1,080 జీబీ అవుతుంది. మూడు రోజులు, ఇంకో గంటన్నర గడిస్తే కోటా ఖాళీ.

ఇక మీ ఇంటి లెక్క. ఇరవై రెండు రోజుల్లో 3,300 అయిపోతోందంటే రోజుకు 150 జీబీ. మీ కెమెరాలు రికార్డింగ్‌ని ఇంట్లో హార్డ్ డిస్క్‌లో దాచకుండా, ఇరవై నాలుగ్గంటలూ క్లౌడ్‌కి, అంటే ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్లకి పంపుతున్నాయేమో చూడండి. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు పంపుతోందనుకోండి. దాన్ని 86,400 సెకన్లతో గుణించి, బిట్లను బైట్లు చెయ్యడానికి 8తో భాగించండి. రోజుకు 21.6 జీబీ వస్తుంది. నాలుగు కెమెరాలకి 86 దాటింది. యూట్యూబ్ మంచి క్వాలిటీలో గంటకు 3 జీబీ చొప్పున పద్నాలుగు గంటలు నడిస్తే 42. ఇక్కడికే 128 అయింది. మిగతాది ఫోన్ల ఫొటోల బ్యాకప్, అప్‌డేట్లు, వీడియో కాల్స్. కంపెనీ అంకె నమ్మశక్యంగానే ఉంది. మనం పంపేది కూడా వాడకంలోకే వస్తుందని చాలామందికి తెలియదు. మన ప్లాన్లలో సాధారణంగా అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ కలిపే లెక్కిస్తారు.

అయినా నా మాట మీదా, కంపెనీ మాట మీదా ఆధారపడకండి. మీ దగ్గరే మీటరు ఉంది. రూటర్ కింద స్టిక్కర్ మీద 192.168.1.1 లాంటి నంబరు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. ఆ నంబరు బ్రౌజర్లో కొట్టి లోపలికి వెళ్లాక ‘స్టేటస్’ కిందో, ‘స్టాటిస్టిక్స్’ కిందో ‘వ్యాన్’ (WAN, అంటే ఇంటికి బయటి నుంచి వచ్చే లైను) అన్న వరస వెతకండి. అందులో ‘బైట్స్ రిసీవ్డ్’, ‘బైట్స్ సెంట్’ అని రెండు పెద్ద అంకెలు ఉంటాయి. కుడి వైపు నుంచి తొమ్మిది స్థానాలు కొట్టేస్తే మిగిలింది జీబీ. రాత్రి పడుకునే ముందు ఒకసారి, మర్నాడు అదే వేళకి ఇంకోసారి రాసుకుని తీసివేస్తే ఆ రోజు వాడకం తేలుతుంది. మీ ఇంట్లో ‘సెంట్’ అంకె ‘రిసీవ్డ్’ కంటే పెద్దదిగా ఉంటుందని నా అంచనా. టీవీ చూసే ఇంట్లో వచ్చేది ఎక్కువ, పోయేది తక్కువ ఉండాలి. అది తిరగబడిందంటే కెమెరాల పనే. ఒక రోజు వాటి ప్లగ్గులు తీసేసి ఆ రోజు అంకె పక్కన పెట్టి చూడండి, సందేహమే ఉండదు.

రెండు జాగ్రత్తలు చెప్తాను. కరెంటు పోయినా, రూటర్ ఆపేసినా ఆ అంకెలు మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి. కొన్ని పాత రూటర్లలో అయితే లెక్క 4.29 జీబీ దాకా వెళ్లి మళ్లీ మొదటికొస్తుంది. అంకె ఉన్నట్టుండి తగ్గితే ఆ రూటర్ మీటరుకి పనికిరాదు, కంపెనీ యాప్‌లో రోజువారీ వాడకం ఉంటే అదే చూసుకోండి. ఇంకోటి, కొన్ని సాఫ్ట్‌వేర్లు 1,000కి బదులు 1,024 చొప్పున లెక్కేస్తాయి. వాటిలో 3,073 అని కనిపించేదీ, కంపెనీ 3,300 అనేదీ ఒకటే డేటా. అంతకు మించి తేడా వస్తేనే గట్టిగా అడగండి.

మరి కెమెరాలు తీసేయాలా? అక్కర్లేదు. అంత దూరంలో ఉన్న అబ్బాయికి అమ్మానాన్నలు కళ్లెదుట కనపడడం ఎంత ధైర్యమో నాకు తెలుసు. రికార్డింగ్‌ని కెమెరాలోని మెమరీ కార్డుకో, ఇంట్లో హార్డ్ డిస్క్ ఉన్న రికార్డర్‌కో మార్పించండి. క్లౌడ్ కావాల్సిందే అంటే, కదలిక ఉన్నప్పుడు మాత్రమే పంపేలా పెట్టమనండి. కార్డుకో, రికార్డర్‌కో మార్పిస్తే అబ్బాయి తెరిచి చూసిన సేపే డేటా ఖర్చవుతుంది. ఒక కెమెరాని గంటసేపు చూస్తే జీబీలోపే. టీవీని కూడా పాటలు వినేటప్పుడు 480పీ అనే తక్కువ క్వాలిటీలో పెట్టుకోండి, సుప్రభాతానికి హెచ్‌డీ ఎందుకు?

ఒక విషయంలో మాత్రం మీ పక్షాన మాట్లాడాలి. డేటా హద్దు ఎంత, అది దాటాక స్పీడెంత అన్నది ముందే స్పష్టంగా చెప్పాలని, వాడకం హద్దుకి చేరుతున్నప్పుడు కస్టమర్‌కి కబురు పంపాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లోనే ఆదేశించింది. హద్దు దాటాక కూడా 512 కేబీపీఎస్ కంటే తగ్గించకూడదంది. మీకు అలాంటి మెసేజ్ ఎప్పుడైనా వచ్చిందా? మీ మొబైల్ నంబరు వాళ్ల దగ్గర సరిగ్గా ఉందో లేదో చూసుకుని, లేకపోతే మార్పించండి. నెట్ పాకడం మొదలయ్యాక గానీ విషయం తెలియకపోవడం న్యాయం కాదు.

ప్రశ్న: రోజూ రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా నెట్ చచ్చిపోతుంది. పొద్దున బ్రహ్మాండం. లోకల్ కేబుల్ ఆపరేటర్‌ని అడిగితే ఎఫ్‌యూపీ అంటున్నాడు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఎఫ్‌యూపీ అయితే పొద్దున ఎందుకు బాగుంటుంది? హద్దు దాటితే కొత్త నెల మొదలయ్యేదాకా పగలూ రాత్రీ ఒకే స్పీడుకి తగులుకుని ఉంటుంది. మీది రద్దీ. ఇళ్లకు ఇచ్చే మామూలు జీపాన్ రకం ఫైబర్‌లో ఆపరేటర్ దగ్గర ఒక్క పోర్టుకి ఉండేది దాదాపు 2.5 జీబీపీఎస్. స్ప్లిటర్లు, అంటే లైనును చీల్చే డబ్బాలు పెట్టి దాన్ని 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. దానికే అందరూ ఒకేసారి కూర్చుంటే కొంత తగ్గుతుంది. కానీ చచ్చిపోయేంత తగ్గిందంటే, ఆపరేటర్ పైనుంచి కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్ చాలట్లేదని నా అనుమానం. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బ్రాడ్‌బ్యాండ్ ఫిర్యాదులు చూసిన రోజుల్లో, రాత్రి రెండింటి నుంచి పొద్దున ఎనిమిదింటి దాకా అన్‌లిమిటెడ్ ఇచ్చే ప్లాన్ ఉండేది. జనం అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడ్లు పెట్టేవాళ్లు. లైను ఖాళీగా ఉండే వేళ కాబట్టే అప్పుడలా ఇచ్చారు.

ఆపరేటర్ దగ్గరికి వెళ్లే ముందు మీ వైఫై తప్పు లేదని తేల్చుకోండి. ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో రూటర్‌కి కలిపి, పొద్దున ఆరింటికీ రాత్రి తొమ్మిదింటికీ స్పీడ్ టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్లు తీయండి. కేబుల్ మీద కూడా రాత్రి పడిపోతే తప్పు వాళ్లది. కేబుల్ మీద బాగుండి ఫోన్‌లోనే పాకితే చుట్టుపక్కల ఇళ్ల వైఫైల గోల, రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారండి.

ప్రశ్న: వర్క్ ఫ్రమ్ హోమ్. స్పీడ్ టెస్ట్ ఫుల్‌గా చూపిస్తుంది. ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ పెట్టగానే ఫైళ్లు కదలవు. మేనేజర్ మీ నెట్ బాలేదంటున్నాడు, టెన్షన్‌గా ఉంది. నెట్ కంపెనీ కావాలనే వీపీఎన్‌ని తొక్కుతోందా?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: అమ్మా, ముందు ఒక్క పని చెయ్యి. అదే ల్యాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, అదే వీపీఎన్‌తో, అదే ఫైలు దింపి చూడు. అక్కడా కదలకపోతే ఇబ్బంది మీ ఆఫీసు వైపు ఉన్నట్టే. ఇంటి లైను మీదా, హాట్‌స్పాట్ మీదా తీసిన స్క్రీన్‌షాట్లు రెండూ మేనేజర్‌కి పంపించు. స్పీడ్ టెస్ట్ సాధారణంగా ఊళ్లోనే ఉన్న సర్వర్‌తో మాట్లాడుతుంది. మీ ఆఫీసు గేట్‌వే, అంటే వీపీఎన్ వెళ్లి కలిసే సర్వర్, అమెరికాలో ఉంటే దారి వేరు, దూరం వేరు. సింగపూర్‌లోనో ముంబైలోనో ఇంకో గేట్‌వే ఉందేమో ఐటీ వాళ్లని అడుగు.

హాట్‌స్పాట్ మీద బాగుండి ఇంటి లైను మీదే పాకితే అప్పుడు నెట్ కంపెనీని అడగాలి. ఒక సైటునో సర్వీసునో ఎంచుకుని నెమ్మది చేయడానికి వీల్లేదన్న నెట్ న్యూట్రాలిటీ నియమాన్ని మన టెలికాం శాఖ 2018 జులైలో ఆమోదించింది. రద్దీని సర్దుకోవడానికి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, ఉద్యోగానికి వాడే వీపీఎన్‌ని రోజూ తొక్కడం అందులోకి రాదు. అలాగని తొక్కుతున్నారని ఇప్పుడే అనేయొద్దు, రూటింగ్, అంటే డేటా వెళ్లే దారి, సరిగ్గా లేకపోయినా ఇలాగే ఉంటుంది. కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్, అంటే ఆ ఫిర్యాదు నంబరు, తీసుకో. నంబరు లేని ఫిర్యాదు తర్వాత ఎక్కడా నిలబడదు. వాళ్లు తేల్చకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు చూసే అప్పిలేట్ అథారిటీకి రాయాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు. అక్కడా పని కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి.