కోల్‌కతా పార్టీని బెంగాలీలో పలకరించాలా?

వచ్చే వారం కోల్‌కతా నుంచి పార్టీ మీ చేపల ప్యాకింగ్ షెడ్డు చూడ్డానికి వస్తున్నారు, మీకు హిందీయే అంతంతమాత్రం, ఆయన భాషలో పలకరిస్తే బాగుంటుందా, అతిగా ఉంటుందా అని అడిగారు.

పలకరించండి. కాకపోతే ముందు ఆయనది ఏ భాషో కనుక్కోండి. కోల్‌కతా అన్నది ఊరి పేరండి, భాష పేరు కాదు.

మాదీ ఆకివీడు దగ్గర షెడ్డే. శీలావతి, బొచ్చె ఐసు వేసి హౌరా పంపుతాం. కొన్నేళ్ల కిందట ఐస్ ప్లాంటు మెషినరీ బేరానికి కోల్‌కతా నుంచి ఒకాయన వచ్చారు. రాత్రంతా ఫోన్‌లో విని బట్టీపట్టి, ఆయన కారు దిగగానే "నొమోష్కార్ దాదా, కేమొన్ ఆఛేన్" అన్నాను, నమస్కారం అన్నా, ఎలా ఉన్నారు అని (బెంగాలీలో దాదా అంటే అన్న). ఆయన నవ్వి "భాలో ఆఛి" అన్నారు, బాగున్నానని. ఇంకేం, నా కాళ్లు నేల మీద లేవు. బెంగాలీ వాళ్లకి చేప లేందే ముద్ద దిగదని విన్నాను కదా, మా ఆవిడ చేత చేపల పులుసు, వేపుడు, రొయ్యల ఇగురు చేయించి పెట్టాను. ఆకు ముందు కూర్చున్నాక ఆయన కాస్త మొహమాటంగా "పెరుగు ఉందా?" అన్నారు.

ఆయన మార్వాడీ. తాతగారి కాలంలో రాజస్థాన్ నుంచి వెళ్లి బడాబజార్‌లో స్థిరపడిన కుటుంబం. బెంగాలీ గడగడా మాట్లాడతారు, కానీ ఇంట్లో మార్వాడీయే. చేప సంగతి అటుంచండి, ఉల్లిపాయ కూడా ముట్టరు. ఆ పూట పెరుగన్నం, ఆవకాయ, రెండు అరటిపళ్లతో సరిపెట్టుకున్నారు పాపం. ఆయన ఏమీ అనుకోలేదు కానీ మా ఆవిడ మాత్రం ఇప్పటికీ అంటుంది, "నోటితో అడిగితే పోయేదానికి ఇంత వండించావు" అని.

అప్పట్నుంచి, రైలు ఎన్నింటికి దిగుతారని ఫోన్ చేసినప్పుడే "ఇంట్లో ఏ భాష మాట్లాడతారండి, భోజనం ఏం చేయించమంటారు" అని అడిగేస్తున్నాను. ఇంతవరకూ ఎవరూ తప్పు పట్టలేదు. పైగా అడిగినందుకే సగం మంది సంతోషపడ్డారు. ఆ మార్వాడీ ఆయనతో ఇప్పుడు ఫోన్‌లో "రామ్ రామ్ సా" అని మొదలుపెడతాను. బెంగాలీలో పలకరించినప్పుడు మర్యాదగా నవ్విన మనిషి, దీనికి గొంతు మార్చి మాట్లాడతారు.

హిందీలో పలకరిస్తే చాలదా అంటారేమో. పని నడుస్తుంది. కానీ 2011 జనాభా లెక్కల్లో మాతృభాష హిందీ కింద లెక్కకొచ్చినవాళ్లు దేశంలో నూటికి 44 మంది లోపే. బెంగాలీ పెద్దమనిషికి హిందీ మనకున్నంత దూరం కాకపోయినా, సొంత భాష మాత్రం కాదు. ఇద్దరూ తడుముకుంటూ మాట్లాడుకునే భాషలోనే స్వాగతం చెప్పడం దేనికి?

ఇక మీ ఆయన నిజంగా బెంగాలీయే అనుకుందాం. నాలుగు మాటలు చాలు. నొమోష్కార్, ఆషున్ అంటే రండి, బోషున్ అంటే కూర్చోండి, చా ఖాబేన్ అంటే టీ తీసుకుంటారా అని. వాళ్లు టీ అయినా మంచినీళ్లయినా 'తింటారు', తాగడానికీ అదే క్రియ వాడతారు. నవ్వొచ్చినా నవ్వకండి. స దాదాపు ప్రతిచోటా ష అవుతుంది, వ వచ్చి బ దగ్గర ఆగుతుంది, అకారం నోట్లోనే గుండ్రంగా తిరిగి ఒ లాగా వినిపిస్తుంది. మా గుమాస్తా వెంకటేశ్వర్లు వాళ్ల నోట్లో భెంకటేష్ అయ్యాడు. వాడికీ అదే బాగుందట.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. మనకి నువ్వు, మీరు రెండే. వాళ్లకి మూడున్నాయి, ఆప్‌ని, తుమి, తుయ్. పెద్దవాళ్లకి, కొత్తవాళ్లకి ఆప్‌ని. అందుకే ఆషున్, బోషున్ అని చివర న్ ఉండేవే నేర్చుకోండి. సినిమాల్లో విని తుమి పట్టుకుంటే కష్టం. తుయ్ అయితే మరీను, చిన్నపిల్లల్ని, చిన్ననాటి స్నేహితుల్ని పిలిచేది.

దీని మీదే మా షెడ్డులో ఒక తమాషా జరిగింది. కాటా దగ్గర ఉండే కుర్రాడిది అమలాపురం వైపు. ఆ వైపు వాళ్ల సంగతి తెలుసుగా, ఏం చెప్పినా "ఆయ్" అంటారు, అంతకన్నా మర్యాద లేదు. ఒకసారి హౌరా నుంచి వచ్చిన దాదా ట్రేలు లెక్కపెట్టుకుంటూ వచ్చీరాని తెలుగులో "ఐస్ ఎక్కువ వెయ్యి" అన్నారు. వీడు "ఆయ్" అన్నాడు. ఆయన వెనక్కి తిరిగి చూసి మళ్లీ పనిలో పడ్డారు. "మూత గట్టిగా వెయ్యి". "ఆయ్". మళ్లీ తిరిగి చూశారు. మూడోసారికి మొహం ఎర్రబడింది. నన్ను పక్కకి పిలిచి, "ఈ కుర్రాడు నన్ను ఊరికే పిలుస్తాడేంటి, అదీ రారా అని?" అన్నారు హిందీలో. బెంగాలీలో ఆయ్ అంటే తుయ్ వరసలో 'రా' అనట! మా వాడి ఆయ్‌కి అర్థం చిత్తం అని చెప్పేసరికి ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. సాయంత్రానికి నేనేం చెప్పినా ఆయనే ఆయ్ అంటున్నారు.

నాలుగు మాటలయ్యాక ఆగిపోండి. ఇంకో దాదా దగ్గర నేను హుషారుగా ఎనిమిది వాక్యాలు మాట్లాడాను. నాకు బాగా వచ్చనుకుని ఆయన బెంగాలీలోనే ఏకబిగిన పది నిమిషాలు చెప్పారు. నాకు అర్థం కాలేదని చెప్పడానికి అహం అడ్డొచ్చి తల ఊపాను. ఊపింది దేనికో పేమెంటు వచ్చాక తెలిసింది, కిందటి లోడులో సరుకు మెత్తబడిందని కిలోకి రెండు రూపాయలు కోత. కాబట్టి "ఆమి బాంగ్లా ఎక్‌టు ఎక్‌టు జాని" అని ముందే చెప్పేయండి, కొంచెం కొంచెమే వచ్చని. రేటు మాటలు హిందీలోనో, మధ్యలో మనిషిని పెట్టుకునో మాట్లాడుకోండి. పలకరింపు బాగుందని ఎవరూ రేటు పెంచరు, ఆ ఆశ పెట్టుకోకండి.

మాట కలవాలంటే పలకరింపు కన్నా పులస బాగా పనిచేస్తుంది. సముద్రంలో మనం ఇలస అంటాం, వరద నీటికి గోదావరి ఎక్కితే పులస. వాళ్లు ప్రాణం పెట్టే ఇలిశ్ కూడా ఇదే చేప. పేరు చూడండి, ఇలస, ఇలిశ్! పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న మన సామెత చెప్పండి, అరగంట ఆయనే మాట్లాడతారు. బంగ్లాదేశ్‌లోని పద్మా నది ఇలిశ్ ముందు మీ గోదావరిది ఎంత అంటారు. వాదించకండి.

గువాహటి నుంచి కూడా పార్టీలు వస్తుంటారు. లిపి ఒకేలా కనబడుతోందని వాళ్లని బెంగాలీలో పలకరించారో, మనల్ని ఎవరో అరవంలో పలకరించినట్టే ఉంటుంది వాళ్లకి. అస్సామీలో రండి అనాలంటే ఆహొక్. ముస్లిం వ్యాపారులైతే సలాం చెబితే సరి.

అన్నట్టు, మీ షెడ్డులో కోనసీమ వాళ్లెవరైనా ఉంటే ఆ ఆయ్ సంగతి దాదా వచ్చే ముందే చెప్పి ఉంచండి. వాళ్లు మానలేరు, ఆయనకే చెప్పడం తేలిక.