అప్రెంటిస్‌షిప్‌తో వచ్చేది అసలు డిగ్రీయేనా?

అక్కా, ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మీ పాపకి ఏ లెవెల్స్ (మన ఇంటర్ లాంటివి) అవగానే ఐటీ కంపెనీలో డిగ్రీ అప్రెంటిస్‌షిప్, అంటే ఉద్యోగం చేస్తూనే డిగ్రీ చదవడం, వచ్చిందనీ, చుట్టాలేమో "అదీ ఒక డిగ్రీయేనా" అంటున్నారనీ రాశారు కదా. డిగ్రీయే! నేను అదే, డిజిటల్ అండ్ టెక్నాలజీ సొల్యూషన్స్, మూడో ఏడు చేస్తున్నా, చివర్లో యూనివర్సిటీ ఇచ్చేది మామూలు బీఎస్సీ ఆనర్స్ పట్టానే. ఫీజు మీ జేబులోంచి ఒక్క పౌండు కూడా పోదు, ఎందుకంటే ఏడాదికి 30 లక్షల పౌండ్లకు పైగా జీతాలిచ్చే కంపెనీలు 2017 నుంచి 0.5 శాతం లెవీ (అప్రెంటిస్‌షిప్‌ల కోసం కట్టే పన్ను) కడుతున్నాయి, ఆ డబ్బుతోనే చదువు. పైగా నెలనెలా జీతం.

టెన్షన్ పడాల్సింది వేరే చోట. చదువుకి వారంలో దాదాపు ఒక రోజు పనివేళల్లోనే ఇవ్వాలి, కానీ మొదటి ఏడు మా టీమ్ నా గురువారాలన్నీ మీటింగులతో మింగేసింది, అసైన్‌మెంట్లు అర్ధరాత్రి రాసేదాన్ని (అమ్మకి మాత్రం పడుకున్నానని చెప్పేదాన్ని). యూనివర్సిటీ కోచ్‌తో చెప్పించాక గానీ మేనేజర్ దారికి రాలేదు. సంతకం పెట్టేముందు ట్రైనింగ్ ప్లాన్‌లో ఆ గంటలు రాసి ఉన్నాయో లేదో చూడమనండి. మూడు నెలల వేసవి సెలవులు మర్చిపోవాల్సిందే.

అన్నట్టు, మీరు వచ్చి మూడేళ్లు దాటిందా? ఇంగ్లండ్‌లో ఈ చదువు నిధులకు సాధారణంగా అంతకాలం నివాసం అడుగుతారు, వీసా రకం కూడా చూస్తారు, ఒప్పుకునే ముందే హెచ్‌ఆర్‌ని అడగండి.