కాన్పు గదిలో తోడున్న మనిషి ఇంటికి రాగానే ఏమయ్యారు?

ప్రశ్న: నాకు నొప్పులు మొదలైనప్పటి నుంచి కాన్పు అయ్యేదాకా మావారు నా పక్కనే ఉన్నారు. నడుము నొక్కారు, ఊపిరి ఎలా తీసుకోవాలో గుర్తుచేశారు. పాపను నాకంటే ముందు ఎత్తుకున్నది కూడా ఆయనే. ఇకపై అన్నీ ఇద్దరం పంచుకుంటామని నమ్మాను. ఇప్పుడు పాపకు రెండు నెలలు. 'ఏం చేయాలో చెప్పు, చేస్తాను' అంటారే తప్ప తనంతట తాను ఏ పనీ అందుకోరు. చేసింది సరిగా ఉండదు, సరిదిద్దితే ముఖం ముడుచుకుంటారు. ఆ రోజు నేను చూసిన మనిషి ఏమయ్యారు?

జవాబు: ఆ మనిషే మీ ఇంట్లో ఉన్నారు. ఇంకా అదే పని చేస్తున్నారు, చిక్కంతా అక్కడే వచ్చింది. కాన్పు గదిలో ఆయన ఏం చేశారో గుర్తుచేసుకోండి. మీరు అడిగితే చెయ్యి అందించారు, నర్సు చూపిన చోట నొక్కారు, ఎవరికీ అడ్డు రాకుండా నిలబడ్డారు. అక్కడ అలాగే ఉండాలి. ప్రసవ సమయంలో తల్లి కోరుకున్న మనిషి పక్కన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది కూడా ఇలాంటి తోడు గురించే. కానీ తండ్రిగా ఆయన తొలిరోజు నేర్చుకున్నది చెప్పింది చేయడమే. ఇంటికి వచ్చాక ఆ పద్ధతి మారాలని ఆయనకు తట్టలేదు, మీరూ చెప్పలేదు.

ఈలోగా మీరు చాలా ముందుకు వెళ్లిపోయారు. తొలి వారాల్లో తల్లిపాలు తాగే బిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాల్సి వస్తుంది. అన్నిసార్లు ఒళ్లోకి తీసుకుంటే ఏ ఏడుపు ఆకలిదో, ఏది నిద్రదో ఎవరికైనా తెలిసిపోతుంది. అది మీకు పుట్టుకతో అబ్బిందని ఆయన అనుకుంటున్నారేమో! అన్ని గంటలు పాపతో గడిపితే ఆయనకూ వస్తుంది.

కాబట్టి చిన్న చిన్న పనులు పురమాయించడం మానేసి, ఒక పనిని పూర్తిగా అప్పగించండి. స్నానం అనుకుందాం. నీళ్లు, తువ్వాలు, బట్టలు సిద్ధం చేయడం, సబ్బు అయిపోతే తెచ్చుకోవడం, ఏ వేళకు చేయించాలో చూసుకోవడం, అన్నీ ఆయనవే. తలకు, మెడకు చేతి ఆసరా, నీళ్ల వేడి చూడటం, నీళ్లలో ఉన్న బిడ్డను క్షణమైనా వదలకపోవడం, పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా వేయడం: వీటిలో రాజీ లేదు, ముందే మాట్లాడుకోండి. మిగతావి ఆయన ఇష్టం. చొక్కా గుండీలు తప్పు పెట్టినా పాపకు ఏమీ కాదు. మీరు సరిదిద్దిన ప్రతిసారీ ఆ పని మళ్లీ మీ చేతికే వస్తోంది. మీ అలసటలో ఈ మాట కటువుగానే వినిపిస్తుంది, తెలుసు. పాలివ్వడం ఒక్కటే మీరు తప్ప వేరొకరు చేయలేనిది. తేన్పు తీయించడం, గుడ్డలు మార్చడం, జోకొట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు.

మరో సంగతి. ఆ రోజు మీ బాధను ఆయన కళ్లారా చూశారు, ఏమీ చేయలేని స్థితిలో చూశారు. అందరూ మిమ్మల్నీ పాపనూ పలకరించి ఉంటారు. ఆయనను అడిగిందెవరు? పాప పడుకున్నాక ఒక రాత్రి అడగండి, 'మీకు ఎప్పుడు బాగా భయం వేసింది?' అని. మీకు గుర్తున్న కాన్పు, ఆయనకు గుర్తున్న కాన్పు వేరువేరుగా ఉండవచ్చు. ఆ దృశ్యాలు ఇప్పటికీ నిద్ర చెడగొడుతున్నాయని చెబితే మాత్రం వైద్యులను కలవాలి.

అది మీకూ వర్తిస్తుంది. కాన్పయిన కొత్తలో ఊరికే ఏడుపు రావడం చాలామందిలో ఉంటుంది, సాధారణంగా రెండు వారాల్లో తగ్గిపోతుంది. మీకు రెండు నెలలు దాటుతున్నా దిగులు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం ఉంటే ఆలస్యం చేయకండి. ప్రసవానంతర కుంగుబాటు తండ్రులకూ వస్తుంది, వారిలో అది ఒక్కోసారి చిరాకుగానో, దూరంగా తప్పుకోవడంగానో బయటపడుతుంది.

ముందు స్నానంతోనే మొదలుపెట్టండి. ఆయనకు చెయ్యి కుదిరాక, ఆ సమయంలో మీరు వేరే గదిలో ఉండండి. పాప ఏడుపు వినగానే లేచి వెళ్లకండి, ఆయన పిలిస్తే వెళ్లండి.