అభిశంసన అంటే పదవి పోవడమా?

సందేహం: "ట్రంప్ రెండుసార్లు అభిశంసనకు గురయ్యారు" అని ఒకచోట, "ట్రంప్‌పై అభిశంసన వీగిపోయింది" అని మరోచోట చదివాను. రెండూ ఎలా నిజమవుతాయి? అభిశంసన బదులు మహాభియోగం అనాలని మా మిత్రుడి వాదన. ఏది సాధువు?

సమాధానం: ఈ చిక్కు అమెరికా రాజ్యాంగం తెచ్చిపెట్టింది కాదు, మన రాతల్లోని అశ్రద్ధ వల్ల వచ్చింది. అక్కడ ప్రతినిధుల సభ అధ్యక్షుడిపై నేరం మోపుతుంది. విచారణ జరిపి తీర్పు చెప్పేది సెనేట్. హాజరైన సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది దోషి అంటేనే పదవి పోతుంది. మొదటి పని పేరే అభిశంసన (ఇంపీచ్‌మెంట్). ట్రంప్ విషయంలో అది 2019లోను, 2021లోను జరిగింది. రెండోసారి సెనేట్‌లో 57 మంది దోషి అన్నా, 43 మంది కాదనడంతో ట్రంప్ నిర్దోషిగా బయటపడ్డారు. అక్కడ వీగిపోయింది దోషనిర్ధారణ. అభిశంసన అంతకు నెల ముందే నెగ్గింది.

ఈ భేదాన్ని మన నిఘంటుకారులు ఏనాడో గుర్తించారు. 'శంస్' ధాతువుకు చెప్పడం, పొగడడం అని అర్థాలు. 'ప్ర' చేరితే ప్రశంస, 'అభి' చేరితే ఎదుట నిలిచి దోషం చెప్పడం. అమరసింహుడు అమరకోశం శబ్దాదివర్గంలో "మిథ్యాభియోగోఽభ్యాఖ్యానమథ మిథ్యాభిశంసనమ్, అభిశాపః" అన్నాడు. అంటే అబద్ధపు అభియోగం అభ్యాఖ్యానం, అబద్ధపు అభిశంసన అభిశాపం. అబద్ధపు అభిశంసనకు 'మిథ్యా' అని ప్రత్యేకంగా చేర్చవలసి వచ్చిందంటే, ఉత్త అభిశంసన నిజమూ కావచ్చు, అబద్ధమూ కావచ్చు. తేలవలసింది ఇంకా మిగిలే ఉందన్నమాట. వినాయకచవితినాడు మనం చెప్పుకునే శ్యమంతకోపాఖ్యానంలో శ్రీకృష్ణుడి మీద పడిన నీలాపనింద ఇటువంటిదే. ఆ కథను స్మరించినవారికి 'మిథ్యాభిశస్తి' కలగదని విష్ణుపురాణం చెబుతుంది. అభిశస్తి, అభిశంసన ఒకే ధాతువు బిడ్డలు. కృష్ణుడు అభిశస్తుడయ్యాడు, దోషి కాలేదు. ఈ కథను ఏటా వినే జాతికి 1868లో ఆండ్రూ జాన్సన్‌ను సభ అభిశంసించిందని, ఒక్క ఓటు తక్కువై సెనేట్ ఆయనను దోషిగా నిర్ధారించలేకపోయిందని చెబితే వైరుధ్యం తోచకూడదు. క్లింటన్‌నూ సభ అభిశంసించింది, సెనేట్ దోషి అనలేదు. నిక్సన్ మాత్రం 1974లో సభ ఓటింగుకు ముందే రాజీనామా చేశారు గనుక ఆయన "అభిశంసనకు గురయ్యారు" అని రాయడం తప్పు.

"గురయ్యారు" అనే ఈ తిప్పుడు వాక్యం నాకు రుచించదు. "సభ అభిశంసించింది" అంటే కర్త ఎవరో స్పష్టంగా తెలుస్తుంది. 'అభిశంశన' అని రెండుచోట్లా తాలవ్య శకారం రాయడం మరీ అన్యాయం. ధాతువు చివర ఉన్నది దంత్య సకారం. ఇక 1834లో సెనేట్ ఆండ్రూ జాక్సన్‌ను తప్పుపడుతూ చేసినది పదవికి ముప్పులేని ఖండన. దాన్ని అభిశంసన అనక, నిందాతీర్మానం అంటే చాలు.

మహాభియోగం హిందీలో స్థిరపడిన మాట. తప్పనలేను. అయితే అభియోగం బాకీల వంటి వ్యవహారాలకు, అభిశంసన పాపం అంటగట్టడానికి చెల్లుతాయని అమరవ్యాఖ్యాతలు వేరు చేశారు. అధికార దుర్వినియోగం వంటి ఆరోపణకు రెండోదే దగ్గరగా ఉందని నా మొగ్గు. మీ మిత్రుడు మహాభియోగమే రాయదలిస్తే రాయవచ్చు, పదవీచ్యుతి అనే అర్థంలో మాత్రం దాన్నీ వాడకూడదు.