ఆఖరి ఇన్నింగ్స్ పిచర్‌కు భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: నేను విశ్రాంత ఉద్యోగిని. మా అమ్మాయి కొడుకు అమెరికాలోనే పుట్టి పెరిగాడు; అక్కడి కళాశాల బేస్‌బాల్ జట్టులో నాలుగేళ్లు రిలీఫ్ పిచర్‌గా, అంటే బంతి విసిరే మొదటి ఆటగాడు (పిచర్) తప్పుకున్నాక వచ్చి విసిరేవాడిగా ఆడాడు. జూలైలో జరిగిన డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ క్లబ్బులు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియలో) అతని పేరు రాలేదు కానీ, ఆ తర్వాత ఒక ప్రొఫెషనల్ క్లబ్బు ఒప్పందానికి పిలిచింది. డిగ్రీకి ఇంకా ఒక సెమిస్టరు మిగిలి ఉంది. అల్లుడు గారు సంతోషిస్తున్నారు, అమ్మాయి మాత్రం దిగులు పడుతోంది. ఆట మొదటి నుంచీ ఆడించని కుర్రవాడికి ముందుముందు ఏముంటుంది? చదువు ముగించి ఉద్యోగం చూసుకోమని చెప్పమంటారా?
— ఒక తాతయ్య, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: అయ్యా, ముందుగా మీ మనసులోని చిన్నచూపును తీసివేయనివ్వండి. రిలీఫ్ పిచర్ అంటే చోటు దొరకక బెంచీ మీద కూర్చున్నవాడు కాదు. బేస్‌బాల్‌లో ఒకసారి తప్పించిన పిచర్‌ను అదే ఆటలో మళ్లీ దించడానికి వీలులేదు కనుక, మొదటి పిచర్ అలసిపోయాక మిగిలిన ఇన్నింగ్స్ (బేస్‌బాల్ ఆటలో మామూలుగా తొమ్మిది ఉంటాయి) అన్నింటినీ ఇతని వంటివారే మోయాలి. మన పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో ఆఖరి రెండు ఓవర్లకు కెప్టెన్ ఎవరి చేతికి బంతి ఇస్తాడో గుర్తు చేసుకుంటే ఆ బాధ్యత ఎంతటిదో మీకే తెలుస్తుంది. టెక్సస్ విశ్వవిద్యాలయం జట్టులో ఆఖరి ఇన్నింగ్స్ వేసిన హ్యూస్టన్ స్ట్రీట్ 2004లో డ్రాఫ్ట్ అయి, 2005లోనే ఓక్‌లాండ్ క్లబ్బు తరఫున అమెరికన్ లీగ్ (అత్యున్నత స్థాయి మేజర్ లీగ్‌లోని రెండు భాగాలలో ఒకటి) ఉత్తమ నూతన ఆటగాడిగా ఎంపికయ్యాడు. అంత వేగంగా ఎదిగేవారు అరుదు, నిజమే. కానీ కళాశాల రిలీఫ్ పిచర్లకు ఆ దారి మూసి లేదు.

డ్రాఫ్ట్‌లో పేరు రాకపోవడాన్ని కూడా పెద్ద లోపంగా చూడనక్కరలేదు. ఒకప్పుడు 40 రౌండ్లు సాగిన ఆ ఎంపికను 2021 నుంచి 20 రౌండ్లకే పరిమితం చేశారు. అందువల్ల లోగడ డ్రాఫ్ట్‌లోనే ఎంపికయ్యే స్థాయి కుర్రవాళ్లు చాలామంది ఇప్పుడు డ్రాఫ్ట్ బయటి ఒప్పందాలతో ప్రవేశిస్తున్నారు. అయితే డబ్బు విషయంలో భ్రమలు వద్దు. మేజర్ లీగ్‌కు ఎక్కే ముందు మైనర్ లీగ్‌లో కింది నుంచి పైకి రూకీ, సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని అయిదు మెట్లున్నాయి. 2023లో మైనర్ లీగ్ ఆటగాళ్ల కోసం వారి సంఘం కుదుర్చుకున్న మొదటి ఒప్పందం ప్రకారం ఆ ఏడాది కనీస జీతం అట్టడుగు మెట్టున 19,800 డాలర్లు, ట్రిపుల్ ఏలో 35,800 డాలర్లు. మేజర్ లీగ్‌లో 2025 కనీస జీతం 7,60,000 డాలర్లు. చాలామంది ఆ గడప తొక్కకుండానే ఇంటిముఖం పడతారు. 2022 నుంచి మైనర్ లీగ్ ఆటగాళ్లలో ఎక్కువమందికి బస ఏర్పాటును క్లబ్బులే చూస్తున్నందున అద్దె బెంగ కొంత తగ్గింది.

నాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోచేది మోచేయి. వేగంగా విసిరే ప్రతి బంతికీ మోచేతి లోపలివైపు లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) మీద తీవ్రమైన ఒత్తిడి పడుతుంది. అది తెగితే 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ తొలిసారి టామీ జాన్ అనే పిచర్‌కు చేసిన శస్త్రచికిత్సే నేటికీ ప్రధాన మార్గం; కోలుకోవడానికి ఏడాదికి పైగా పడుతుంది. రిలీఫ్ పిచర్ ఏ రోజు పిలుపు వస్తుందో తెలియక తరచూ బంతులు విసిరి ఒళ్లు వేడెక్కించుకుని, ఒక్కోసారి ఆటలో బంతి వేయకుండానే కూర్చోవలసి వస్తుంది కనుక, కళాశాలలో ఎన్ని బంతులు వేశాడు, నొప్పి ఎప్పుడైనా దాచాడా అని మీ మనవడిని ప్రేమగానే అడగండి. మీ అమ్మాయి దిగులుకు ఆధారం ఉంది; దాన్ని పిరికితనమని కొట్టివేయవద్దు.

చదువు మాటకొస్తే, మానమని చెప్పవలసిన అవసరం లేదు, ఆటనూ మానిపించవలసిన అవసరం లేదు. మిగిలిన చదువు ఖర్చు క్లబ్బు భరించేలా ఒప్పందంలోనే రాయించుకునే ఏర్పాటు ఉంది. సంతకానికి ముందే అడగాలి. తర్వాత అడిగితే క్లబ్బు దయ మీద ఆధారపడవలసి వస్తుంది. అది కాగితం మీద ఉంటే నేనైతే సంతోషంగా వెళ్లి ఆడమంటాను. సీజను ముగిశాక శీతాకాలంలో ఆ సెమిస్టరు పూర్తిచేయవచ్చు.

ప్రశ్న: నేను ఫాస్ట్ బౌలర్‌ని. నాలాంటివాడు పిచర్ కాగలడా?
— డిగ్రీ విద్యార్థి, గాజువాక

జవాబు: బౌలింగ్ వేగం నేరుగా అక్కరకు రాదు. క్రికెట్‌లో బంతి వేసేటప్పుడు వంగిన మోచేతిని 15 డిగ్రీలకు మించి చాపకూడదు. పిచర్‌కు మోచేయి వంచి విసరడమే ప్రాణం. పరుగెత్తుకుంటూ రావడానికీ వీలులేదు, దిబ్బ మీద నిలబడి 18.44 మీటర్ల దూరానికి వేయాలి. కాబట్టి బౌండరీ నుంచి వికెట్‌కీపర్‌కు మీరు విసిరే బంతి ఎంత బలంగా, ఎంత సూటిగా వెళుతుందో చూసుకోండి. 2008లో అమెరికా బేస్‌బాల్ క్లబ్బు పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఒప్పందం ఇచ్చిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ ఉత్తరప్రదేశ్‌కు చెందిన జావెలిన్ క్రీడాకారులే తప్ప బౌలర్లు కారు. వారిలో రింకూ సింగిల్ ఏ వరకు వెళ్లగలిగాడు.